పాత వస్తువుకు ధర చెప్పడానికి మొహమాటం ఎందుకమ్మా?

చెల్లీ, ఇల్లు మారుతున్నా, ఊరు మారుతున్నా, పరీక్షలైపోయి హాస్టల్ ఖాళీ చేస్తున్నా మనకు తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "ఈ ఫ్రిజ్ ఎంతకిస్తారు?" అని ఎదుటివాళ్లు అడగ్గానే నోట మాట రాదు. ఎక్కువ చెబితే ఏమనుకుంటారోనని ఒక బెరుకు, తక్కువ చెబితే ఇంట్లో ఏమంటారోనని ఇంకో బెరుకు. చివరికి ఎంతో కొంతకు తలూపి పంపించేస్తాం. రెండు రోజుల తర్వాత పక్కింటావిడ "అయ్యో, అంత తక్కువకిచ్చేశావా?" అంటే అప్పుడు మనసు చివుక్కుమంటుంది.

ఇంకో ప్రశ్న కొత్త వస్తువు కొనేటప్పుడు వస్తుంది. బిల్లు కొట్టేముందు కౌంటర్లో అబ్బాయి, "మేడమ్, ఇంకో మూడు వేలు కడితే రెండేళ్లు ఎక్స్‌టెండెడ్ వారంటీ. బోర్డు పోతే మీకే పదివేలు పడుతుంది, ఆలోచించుకోండి" అంటాడు. పదివేలనే మాట చెవిన పడగానే గుండె ఝల్లుమంటుంది. సరే, వేసెయ్ అనేస్తాం.

ఇవి రెండూ వేర్వేరు సంగతుల్లా కనిపిస్తాయి గానీ లోపల ఉన్న లెక్క ఒక్కటే. ఈ వస్తువుకు ఇంకా ఎంత ఆయుష్షుంది? మధ్యలో చెడితే ఆ ఖర్చు ఎవరు మోస్తారు? ఈ రెండూ తెలిస్తే అమ్మేటప్పుడు మొహమాటానికీ, కొనేటప్పుడు భయానికీ మనం పోగొట్టుకునే డబ్బు మిగులుతుంది. ఇవాళ అదే మాట్లాడుకుందాం.

మన చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వాళ్లకు ఈ విషయంలో ఒక అదృష్టముంది. కోఠి మనకు కూతవేటు దూరం. చిక్కడపల్లిలో మెట్రో ఎక్కితే మధ్యలో ఒక్క నారాయణగూడ, ఆ తర్వాత సుల్తాన్ బజార్ స్టేషనే. దిగి నడిస్తే గుజరాతీ గల్లీ. రిమోట్లు, స్పీకర్లు, సీసీ కెమెరాలు, విడిభాగాలు అన్నీ ఆ సందులోనే. ఫోన్ల సంగతైతే అబిడ్స్ జగదీశ్ మార్కెట్ ఉండనే ఉంది. ఏ భాగం ఎంతకు దొరుకుతుందో, ఏ రిపేరుకు ఎంత తీసుకుంటారో నలుగురిని అడిగి తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. అమ్మినా అమ్మకపోయినా, ముందు వెళ్లి రేటు కనుక్కుని రా. అడిగితే ఎవరూ డబ్బులు తీసుకోరు.

ధర కట్టేటప్పుడు మనం మొదట పెట్టుకోవాల్సిన నియమం ఒకటి. మనం ఎంత పెట్టి కొన్నామన్నది మర్చిపోవాలి. కొనేవాళ్లకు దాంతో పనిలేదు. వాళ్లు చూసేది ఇవాళ కొత్తది ఎంతకొస్తుందన్నదే. మన అమ్మల కాలంలో హైదరాబాద్ ఆల్విన్ ఫ్రిజ్‌కూ, ఈసీఐఎల్ వాళ్ల ఈసీ టీవీకీ పాతదైనా గౌరవముండేది. రకాలు తక్కువ, కొత్తది కొనడం అందరివల్లా అయ్యేది కాదు. ఇప్పుడు ఏడాదికోసారి కొత్త మోడల్ వస్తోంది, పాతదాని ధర మే నెల ఎండలో పెట్టిన ఐసుగడ్డలా కరుగుతోంది. బంగారం అమ్మే లెక్క దీనికి పనికిరాదు. అమ్మాలనుకున్నాక ఆరు నెలలు అటక మీద పెట్టి చూడటం వల్ల పెరిగేదేమీ ఉండదు.

పన్నులు మారినా పాత ధర కదులుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఏసీలకూ, 32 అంగుళాలు దాటిన టీవీలకూ జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. పన్ను కాక వంద రూపాయలుండే వస్తువు అంతకుముందు 128, ఆ తర్వాత 118. అంటే కొత్తదాని ధరే దాదాపు ఎనిమిది శాతం తగ్గే వీలు కలిగింది. అంతకుముందు 43 అంగుళాల టీవీ కొన్న చెల్లి, "నేను అంత పోసి కొన్నానండీ" అంటే లాభం లేదు. లెక్క ఇవాళ్టి కొత్త ధర దగ్గరే మొదలుపెట్టాలి.

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకో. నీ దగ్గర నాలుగేళ్లు వాడిన వాషింగ్ మిషన్ ఉందనుకుందాం. అలాంటి కొత్తది ఇవాళ 20,000 అనుకో. మామూలుగా వాడితే పదేళ్లు పనిచేస్తుందని లెక్క వేద్దాం. నాలుగేళ్లు అయిపోయాయి, ఆరు మిగిలాయి. పదింట ఆరు వంతులంటే 12,000. కానీ కొనేవాళ్లకు మొత్తం మిషన్‌కు కంపెనీ వారంటీ ఉండదు, రేపు చెడితే వాళ్లే పెట్టుకోవాలి. ఆ భయానికి ఒక పావు వంతు తీసెయ్. 9,000 వచ్చింది. నీళ్ల పైపు మార్చాలి, దానికో 800. మిగిలింది 8,200. ఇక కాగితం మీద రెండు అంకెలు రాసుకో. ఇంటికొచ్చి కొనేవాళ్లకైతే అడిగే ధర 9,500, అంతకంటే దిగనని నువ్వు అనుకున్న ధర 8,000. ఈ రెండు అంకెలూ ముందే రాసి ఉంటే బేరంలో గొంతు తడబడదు.

ఈ లెక్క ఫ్రిజ్‌కూ, వాషింగ్ మిషన్‌కూ బాగా కుదురుతుంది. ఫోన్లకూ లాప్‌టాప్‌లకూ ఇంత సాఫీగా కుదరదు. వాటి ఆయుష్షు వస్తువు అరిగిపోవడం వల్ల తీరదు, లోపలి సాఫ్ట్‌వేర్‌కు అప్‌డేట్లు ఆగిపోవడం వల్ల తీరుతుంది. అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదువుకునే అమ్మాయిలకు ఇది తప్పకుండా తెలియాలి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 వేయాలంటే ఇంటెల్ ప్రాసెసర్ ఎనిమిదో తరానిదో, ఆ తర్వాతిదో అయి ఉండాలని కంపెనీ నియమం. ఏడో తరం లాప్‌టాప్ పైకి అద్దంలా మెరుస్తూ ఉండొచ్చు, స్పీడుగా తెరుచుకోవచ్చు. అయినా దాని ధర ఎనిమిదో తరం దానికంటే బాగా తక్కువ ఉండాలి. అమ్మేవాళ్లు "ఐ5 ఉంది మేడమ్" అంటే సరిపోదు, "ఏ తరం?" అని అడుగు. కోఠి ఫుట్‌పాత్ మీద పాత గైడ్ కొనేటప్పుడు ఎడిషన్ ఏ సంవత్సరానిదో తిప్పి చూసే పిల్లవి, లాప్‌టాప్ దగ్గర ఎందుకు చూడవు?

ఫోన్లలోనూ అంతే. కొన్ని ఖరీదైన మోడళ్లకు కంపెనీలే ఏడేళ్లు అప్‌డేట్లు ఇస్తామని మాటిచ్చాయి. పిక్సెల్ 8కు గూగుల్, ఎస్24 వరుసకు శాంసంగ్ అలా చెప్పినవే. చవక ఫోన్లలో చాలావాటికి ఆ గడువు తక్కువ. అమ్మేటప్పుడు నీ ఫోన్‌కు ఇంకా ఎన్నేళ్లు అప్‌డేట్లు వస్తాయో చెప్పగలిగితే దానికి ధర పలుకుతుంది. ఐఫోన్ అయితే సెట్టింగుల్లో బ్యాటరీ ఆరోగ్యం శాతంలో కనిపిస్తుంది. కొనేవాళ్లు ముందు అడిగేది అదే. 80 కంటే కిందికి దిగితే, కొత్త బ్యాటరీ వేయించడానికి ఎంతవుతుందో కనుక్కుని అంత తగ్గించి చెప్పు.

మన వస్తువు నిజంగానే బాగున్నా ఎందుకింత తక్కువకు అడుగుతారని బాధపడతాం కదా. దానికి కారణాన్ని జార్జ్ ఏకర్లాఫ్ అనే అమెరికా ఆర్థికవేత్త 1970లో పాత కార్ల ఉదాహరణతో వివరించాడు. అమ్మేవాళ్లకు వస్తువు లోపాలు తెలుసు, కొనేవాళ్లకు తెలియవు. అందుకని కొనేవాళ్లు ముందుగానే చెడ్డదని అనుకుని తక్కువకు అడుగుతారు. ఆ ధరకు మంచి వస్తువున్నవాళ్లు అమ్మకుండా వెనక్కి తగ్గుతారు. చివరికి బజార్లో నాసిరకాలే మిగులుతాయి. ఈ తరహా ఆలోచనకే ఆయనకు 2001లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది. దీన్నుంచి మనం నేర్చుకోవాల్సింది ఒకటే. కొనేవాళ్ల అనుమానాన్ని మనం ఎంత తీర్చితే ధర అంత పెరుగుతుంది. బిల్లు, అట్టపెట్టె, అసలు ఛార్జర్, సర్వీస్ చేయించిన రసీదులు, ఇవన్నీ ఒకచోట పెట్టుకున్న ఇల్లాలి వస్తువు, అలాంటిదే పక్కింటి వస్తువు కంటే మంచి ధరకు పోతుంది. మిషన్ ఆన్ చేసి, నీళ్లు పట్టి, తిప్పి చూపించు. గీత ఉంటే గీత ఉందని ముందే చెప్పు. దాచి చెప్పిన ధర కంటే చూపించి చెప్పిన ధర మీదే గట్టిగా నిలబడగలం.

దుకాణంవాళ్లు అడిగే ధరకూ, ఇంటికొచ్చి కొనేవాళ్ల ధరకూ తేడా ఉంటుంది. మన లెక్కలో 8,200 వచ్చిన మిషన్‌ను దుకాణంలో ఐదారు వేలకు అడగొచ్చు. కోపం తెచ్చుకోకు. వాళ్లు ఆటో కిరాయి పెట్టుకోవాలి, శుభ్రం చేయించాలి, కొన్నవాళ్లకు నెలో, మూడు నెలలో తమ మాట మీద గ్యారంటీ ఇవ్వాలి, ఆ పైన లాభం చూసుకోవాలి. వారం ఓపిక పట్టగలిగితే అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టు, అద్దెకొచ్చిన కొత్త సంసారాలను అడుగు. రేపే ఖాళీ చేయాలంటే దుకాణం ధరే న్యాయం. దుకాణంవాళ్లతో మాట ఎలా నడవాలంటే ఇలా:

"అక్కా, ఐదు వేలిస్తా, ఇప్పుడే బండి తెస్తా."

"భయ్యా, బిల్లుంది, మోటార్‌కు కంపెనీ వారంటీ ఇంకా ఉంది. నువ్వే ఆన్ చేసి చూసుకో. ఏడు వేలు."

"అంత రాదక్కా, ఐదున్నర."

"సరే, ఆరు వేల ఐదొందలు. మోత కూలి నీదే. కుదరకపోతే పర్వాలేదు, ఇంకొకరు సాయంత్రం వస్తున్నారు."

ఇంకొకరు నిజంగా వస్తుంటేనే ఆ చివరి మాట అను. కనీసం ముగ్గురి దగ్గర ధర అడిగి ఉంటే అది నిజమే అవుతుంది.

ఎక్స్ఛేంజ్ ఆఫర్ అని పెద్ద అక్షరాలు కనిపించినప్పుడు ఒక్క ప్రశ్న మరవకు. "పాతది ఇవ్వకుండా కొంటే చివరి రేటెంత?" పాత టీవీకి నాలుగు వేలిచ్చి కొత్తది 26,000కు ఇస్తామన్నారనుకో. పాతది ఇవ్వకుండానే 27,500కు ఇస్తామంటే, నీ పాత టీవీకి వాళ్లు నిజంగా ఇస్తున్నది 1,500 మాత్రమే. దాన్ని బయట రెండు వేలకు అమ్ముకున్నా నీకే లాభం.

ఇక ఆడపిల్లలకు మరీ మరీ చెప్పాల్సిన సంగతి. ఫోనైనా, లాప్‌టాప్ అయినా, అందులో నీ ఫొటోలు, నీ బ్యాంకు, నీ మాటలు ఉంటాయి. అమ్మేముందు వాటిని వేరేచోట దాచుకుని, గూగుల్ లేదా ఆపిల్ అకౌంట్ నుంచి బయటికొచ్చి, ఫ్యాక్టరీ రీసెట్ చెయ్యి. అకౌంట్ తీయకుండా ఇస్తే కొన్నవాళ్లకు ఫోన్ తెరుచుకోదు, గొడవ మళ్లీ నీ గుమ్మం దాకా వస్తుంది. సిమ్ము, మెమరీ కార్డు తీసుకో. పాడైపోయిన లాప్‌టాప్ పాత సామాన్ల బండికి వేసేటప్పుడు కూడా హార్డ్ డిస్క్ విప్పించి నీ దగ్గరే పెట్టుకో. పరిచయం లేనివాళ్లకు అమ్ముతుంటే పగటిపూట, నలుగురూ తిరిగే చోట కలువు. డబ్బు నీకు రావాలంటే నువ్వు యూపీఐ పిన్ కొట్టనక్కర్లేదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయనక్కర్లేదు. అవి చేయమన్నారంటే మోసమే, మాట్లాడకుండా ఫోన్ పెట్టెయ్.

పాత ఫోన్ కొనేటప్పుడు *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబర్ వస్తుంది. బిల్లు మీద ఉన్న నంబర్‌తో సరిచూడు. ఇంగ్లీషు పెద్దక్షరాల్లో కేవైఎం అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఆ నంబర్ రాసి 14422కు మెసేజ్ పంపితే ఫోన్ వివరాలు వస్తాయి. కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లోనూ చూసుకోవచ్చు. దొంగ సొత్తు తెలియకుండా కొన్నా పోలీసు స్టేషన్ మెట్లెక్కే అవస్థ మనదే. బిల్లు లేని ఫోన్ సగం ధరకే వస్తున్నా ఆశపడకు.

ఇప్పుడు వారంటీ దగ్గరికొద్దాం. కౌంటర్లో అడిగే ఆ మూడు వేలు దేనికి? సాధారణంగా కంపెనీ మొదటి ఏడాది ఉచితంగా ఇచ్చే వారంటీ అయిపోయాకే ఎక్స్‌టెండెడ్ వారంటీ మొదలవుతుంది. తయారీలో లోపమున్న వస్తువు ఎక్కువగా మొదటి నెలల్లోనే బయటపడుతుంది, దానికి కంపెనీ ఎలాగూ బాధ్యురాలు. అరిగిపోయి చెడటమన్నది చాలా ఏళ్ల తర్వాత మొదలవుతుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న రెండేళ్లు మామూలుగా వస్తువు ప్రశాంతంగా పనిచేసే కాలం. మనం డబ్బు కట్టేది సరిగ్గా ఆ కాలానికి.

లెక్క చూడు. 25,000 ఫ్రిజ్‌కు రెండేళ్ల వారంటీ 3,000 అనుకుందాం. పదిమంది కట్టారు, మొత్తం ముప్పై వేలు. ఆ పదింటిలో ఒకటి చెడి రిపేరుకు ఆరు వేలయిందనుకుందాం. మిగతా ఇరవై నాలుగు వేలు ఎటు పోయాయి? అమ్మినవాళ్ల కమిషన్‌కు, కంపెనీ ఖర్చులకు, పన్నుకు, లాభానికి. మనకు గిట్టుబాటు కావాలంటే ఆ పదింటిలో ఐదు చెడాలి. సగం ఫ్రిజ్‌లు మూడేళ్లలోపే చెడతాయని నమ్మితే, ఆ కంపెనీ ఫ్రిజ్ కొనడమే తప్పు కదమ్మా!

పైగా "కంప్రెషర్‌కు పదేళ్లు" అని డబ్బా మీదే రాసి ఉంటుంది. అది కంప్రెషర్ అనే ఆ ఒక్క భాగానికే. గ్యాస్ నింపడం, మెకానిక్ కూలి అందులో రాకపోవచ్చు. ఇన్వర్టర్ ఏసీల్లో, వాషింగ్ మిషన్లలో ఖరీదైన బెడద ఎలక్ట్రానిక్ బోర్డుది. అందుకని ఎక్స్‌టెండెడ్ వారంటీ కాగితం చేతికిచ్చినప్పుడు నాలుగు అడుగు. బోర్డు ఇందులో వస్తుందా? కరెంటు ఎక్కువ తక్కువలై కాలిపోతే ఇస్తారా? ఎలుక వైరు కొరికితే, బొద్దింకలు బోర్డులో దూరితే ఇస్తారా? రిపేరు చేసేది కంపెనీ సర్వీస్ సెంటరా, మధ్యలో ఇంకో సంస్థా? మన ఇళ్లలో నిజంగా జరిగేవి ఇవే. చాలా ప్లాన్లలో ఇవే మినహాయింపుల కింద ఉంటాయి. కింద పడి స్క్రీన్ పగలడం, నీళ్లలో పడటం మామూలు ఎక్స్‌టెండెడ్ వారంటీలో రావు. వాటికి వేరే ప్లాన్ ఉంటుంది, అందులోనూ ప్రతి క్లెయిముకూ మనం కొంత కట్టాలా అని చూసుకోవాలి.

అన్నింటికీ వద్దని నేననను. పెద్ద టీవీ ప్యానెల్ పోతే రిపేరు ఖర్చు కొత్త టీవీకి దగ్గరగా వెళ్తుంది. దానికి తయారీ కంపెనీయే ఇచ్చే, ప్యానెల్‌తో సహా వర్తించే వారంటీ, ఏడాదికి టీవీ ధరలో నాలుగైదు శాతంలోపు వస్తే తీసుకోవచ్చు. ఇంట్లోంచి ఉద్యోగం చేస్తూ, లాప్‌టాప్ ఆగితే జీతం ఆగే చెల్లి, కంపెనీ మనిషి ఇంటికొచ్చి బాగుచేసే ప్లాన్ తీసుకోవడంలో అర్థముంది. చెడినరోజు చేతిలో పదివేలు ఉండే అవకాశమే లేని ఇంటికీ అది ధైర్యమే. మిక్సీ, ఇస్త్రీపెట్టె, ఫ్యాను, చిన్న టీవీ, చవక ఫోన్‌కు మాత్రం వద్దనే అంటాను.

ఇంకో మాట. "ఈ వారంటీ నా తర్వాత కొన్నవాళ్ల పేరుకు మారుతుందా?" అని అడుగు. మారితే, రెండేళ్ల తర్వాత అమ్మేటప్పుడు మిగిలిన గడువు నీ ధరను పెంచుతుంది. మన వాషింగ్ మిషన్ లెక్కలో భయానికని పావు వంతు తీసేశాం కదా, అది తీయనక్కర్లేదు. మారదంటే కట్టిన డబ్బులో కొంత నువ్వు అమ్మిన రోజే వృథా.

తొందర కూడా వద్దు. చాలా కంపెనీలు మొదటి ఏడాది వారంటీ పూర్తయ్యేలోపు ఎప్పుడైనా ఎక్స్‌టెన్షన్ కొనుక్కోనిస్తాయి. "ఇవాళ్టికే ఈ రేటు" అంటే నవ్వి, "ఇంటికెళ్లి చెబుతాను బాబూ" అను. ఈఎంఐలో కొంటుంటే బిల్లులో ప్రతి వరుసా చదువు, లేకపోతే వారంటీ కూడా అందులో చేరిపోయి తెలియకుండానే నెలనెలా కడుతుంటాం. ఆన్‌లైన్‌లో మనం అడగకుండా బుట్టలో ఏదైనా చేర్చడాన్ని 2023 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు నిషేధించాయి. వాటిలో ఉన్న 13 మోసపు పద్ధతుల జాబితాలో అదీ ఒకటి.

వారంటీ ఉండి కూడా తిప్పుతుంటే ఊరుకోవద్దు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మనం ఉండే ఊళ్లోనే ఫిర్యాదు వేయొచ్చు. వస్తువుకు మనం కట్టింది ఐదు లక్షల లోపైతే రుసుము లేదు, లాయరు తప్పనిసరి కాదు. ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు. అందుకే బిల్లు, సర్వీస్ వాళ్లకు పెట్టిన ఫిర్యాదు నంబర్లు దాచుకోమంటున్నాను. బిల్లు అక్షరాలు వెలిసిపోతాయి, కొన్నరోజే ఫొటో తీసి పెట్టుకో.

వారంటీ వద్దన్న ప్రతిసారీ ఆ డబ్బును ఖర్చు చేసేయకు, అసలు కిటుకు ఇక్కడే ఉంది. పోస్టాఫీసు పొదుపు ఖాతాలోనో, వేరే ఖాతాలోనో రిపేరు డబ్బులని వెయ్యి. ఫ్రిజ్‌కు మూడు వేలు, వాషింగ్ మిషన్‌కు రెండు వేలు, టీవీకి రెండు వేలు అలా చేరితే, ఏది చెడినా ఆ డబ్బు దానికి పనికొస్తుంది. కంపెనీ ప్లాన్ ఒక్క వస్తువుకే, మన ఖాతా ఇంట్లో ఉన్న అన్నింటికీ. ఏదీ చెడకపోతే డబ్బు మనదే.

రోజూ ఈ వస్తువులను వాడేది మనమే. వాషింగ్ మిషన్ చప్పుడు మారినా, ఫ్రిజ్ తలుపు రబ్బరు వదులైనా ఇంట్లో అందరికంటే ముందు తెలిసేది మనకే. ఏ మెకానిక్ చూసి చెప్పేదానికంటే దాని బలమూ, జబ్బూ మనకే బాగా తెలుసు. కాబట్టి దాని ధర చెప్పడానికి మనకంటే అర్హులు లేరు, వారంటీ కాగితం చదివి కావాలనో వద్దనో తేల్చడానికీ లేరు. లెక్క కాగితం చేతిలో పెట్టుకుని, తలెత్తి మాట్లాడు చెల్లీ.